మన కంప్యూటర్లకు మన నిబంధనావళి
(ప్రసంగ పాఠం)



మన పాఠశాలలలో, గ్రంథాలయాలలో, సంఘ కార్యాలయాలలో నేడు కంప్యూటర్లున్నాయి. వాటిలో తెలుగు ఉన్నదా అని అడిగితే, మొన్నటి వరకు ఉండేదని చెప్పేవారు తక్కువ కాదు. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి ఎక్కించాడు. తెలుగు కీబోర్డు పోయింది. దానిని అమర్చిన యువకుడు ఉద్యోగరీత్యా ఊరు విడిచాడు. ఇందులో ఎవరి ద్వేషమూ లేదు. అమరిక ఒకరి జ్ఞాపకంలో తప్ప రాతలో లేకపోవడమే కారణం. రాతలో లేని హక్కును న్యాయస్థానంలో నిలబెట్టడం ఎంత కష్టమో న్యాయవాదిగా నేనెరుగుదును.

ఈ లోటును తీర్చే సాఫ్ట్‌వేర్‌ను కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అంటారు. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌ను, 2005లో ల్యూక్ కేనీస్ పప్పెట్‌ను, 2012లో మైకేల్ డిహాన్ ఆన్సిబుల్‌ను రూపొందించారు. వీటి మూలసూత్రమొక్కటే. కంప్యూటర్ ఏ స్థితిలో ఉండాలో మనము ఫైలులో రాస్తాము. సాఫ్ట్‌వేర్ ఆ రాతతో యంత్రాన్ని పోల్చి, తేడా ఉన్నచోటనే సరిదిద్దుతుంది.

ఉచితంగా లభించే ఆన్సిబుల్‌నే తీసుకుందాం. హోసూరు, బళ్ళారి, బరంపురాలలో శాఖలుండి, లినక్స్ వాడుతున్న ఒక సంస్థను ఊహించండి. ఇన్వెంటరీ అనే జాబితాలో ప్రతి కంప్యూటర్‌నూ శాఖలవారీగా సమూహాలలో చేర్చాలి. అందరికీ వర్తించే ఫైలులో తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రాయాలి. హోసూరు సమూహానికి తమిళం, బళ్ళారికి కన్నడం, బరంపురానికి ఒడియా అదనంగా రాయాలి. ఒక్క యంత్రానికే చెందిన ప్రింటరు వివరం ఆ యంత్రం పేరిట ఉన్న ఫైలులో ఉండాలి.

ఇక్కడ ఒక నియమాన్ని మరువరాదు. ఒకే పేరుకు రెండుచోట్ల రెండు విలువలుంటే, అందరి విలువ కంటే సమూహానిది, సమూహం విలువ కంటే యంత్రానిది చెల్లుతుంది. సాధారణంగా అవి కలిసిపోవు. ఒకటి మరొకదానిని తొలగిస్తుంది. భాషల జాబితా అనే ఒకే పేరుతో అందరికీ తెలుగును, హోసూరుకు తమిళాన్ని రాస్తే, హోసూరుకు వచ్చే కొత్త కంప్యూటర్‌లో తమిళమే చేరుతుంది. కనుక ఉమ్మడి భాషకు ఒక పేరు, స్థానిక భాషకు వేరొక పేరు పెట్టి, రెండింటినీ అమర్చమని ఆదేశించాలి. అప్పుడే రాష్ట్ర భాషా ఉంటుంది, మాతృభాషా నిలుస్తుంది.

ఇతరులు సిద్ధపరచిన రోల్స్ అనే అంశాలను తెచ్చుకొని వాడుకోవచ్చును. అయితే వాటి మూలంలో దిద్దుబాట్లు చేయరాదు. కొత్త ప్రతి వచ్చినప్పుడు మన మార్పులు కొట్టుకుపోతాయి. రోల్స్‌లోని డిఫాల్ట్ విలువలకు అన్నిటికంటె తక్కువ ప్రాధాన్యముంటుంది. మనవి మన ఫైలులో రాసుకుంటే అవే చెల్లుతాయి. డిఫాల్ట్ అన్నది ఎవరో ముందుగా పెట్టినదే కాని శిలాశాసనం కాదు.

మరికొన్ని జాగ్రత్తలు. అమలుకు ముందు చెక్ మోడ్‌లో నడిపి ఏమేమి మారనున్నవో చూడాలి. ఒక ఫాంటు పేరును జాబితా నుండి తీసివేసినంత మాత్రాన అది యంత్రాల నుండి పోదు. ఉండరాదని స్పష్టంగా రాయాలి. చట్టాన్ని రద్దు చేయకుండా పుస్తకంలోని పుట చించితే చాలదు కదా! పాస్‌వర్డులను బాహాటంగా రాయక ఆన్సిబుల్ వాల్ట్‌లో భద్రపరచాలి. ఆన్సిబుల్ తనంత తాను మేల్కొనదు. మనము నడపాలి, లేదా వేళ నిర్ణయించి పెట్టాలి.

నా మనవి ఇది. ప్రతి సంస్థా తన కంప్యూటర్లలో ఏమేమి ఉండాలో ముందుగా కాగితంపై తీర్మానంగా రాసుకోవాలి. పిదప దానిని ఫైలుగా మార్చి, కనీసం ఇద్దరికి నేర్పి, ఒక ప్రతిని తీర్మానాల పుస్తకంతో పాటు సంస్థ అధీనంలోనే ఉంచాలి. అమర్చిన మనిషి రేపు ఊరు విడిచినా, మన పిల్లలు కీబోర్డుపై చేయి వేసినప్పుడు తెలుగు అక్షరం పలకాలి.