విప్పితే మళ్లీ దారమే



మనలో చాలామందికి సూదులు పట్టడం నేర్పిన టీచరమ్మ జ్ఞాపకార్థం నన్ను మాట్లాడమన్నారు. ఆమె ఎవరిచేతనైనా మొదట అల్లించేది పసిబిడ్డ చొక్కానే. ముందు రెక్కలు రెండూ ఒకదానిమీద ఒకటి పడి, పక్కన నాడాతో ముడిపడేది. దాన్ని అందరం కిమోనో అనేవాళ్లం. ఈ సాయంత్రం ఆ చొక్కా చరిత్ర చెబుతాను.

జపానులో కిమోనో కుట్టేవారి కత్తెర వంపులు తిరగదు. సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న సన్నటి తానును ఎనిమిది ముక్కలు చేస్తారు. ఒంటికి రెండు, చేతులకు రెండు, ముందు అంచులకు రెండు, మెడపట్టీకి రెండు. అన్నీ తిన్నని ముక్కలే. ఒంటి ముక్క ముందు అంచు నుంచి భుజం మీదుగా వెనక అంచుదాకా ఒకటే పోతుంది. ఎక్కువైన గుడ్డను కత్తిరించి పారేయకుండా కుట్టు లోపలికి మడుస్తారు. హేయాన్ కాలంలో (794–1185) పెద్దింటివాళ్లు పొరలు పొరలుగా తొడుక్కున్న బట్టల అడుగున కొసోదే అనే అంగీ ఉండేది, కిమోనోకు మూలం అదే. తర్వాతి శతాబ్దాల్లో అదే పైకి వచ్చి అందరి ఉడుపూ అయింది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది దాన్ని ఉతికే తీరు. పాత పద్ధతిలో కిమోనో ఉతకాలంటే ముందు కుట్లన్నీ విప్పుతారు. ముక్కల చివరలు కలిపి మళ్లీ పొడవాటి తాను చేస్తారు. ఉతికి, గంజి పెట్టి, చెక్కమీదో వెదురు పుల్లలతోనో బిగించి ఆరబెడతారు. అప్పుడు కొత్తగా కుడతారు. అరిగిన చోటును లోపలికి మార్చుకోవచ్చు, తల్లిది కూతురికి సరిపెట్టవచ్చు. అరాయ్‌హరి అంటారు దీన్ని. కిమోనో గొప్పతనం పట్టులోనో పూలబొమ్మల్లోనో ఉందని చాలామంది అంటారు. నా మటుకు అది విప్పడానికి వీలుగా కుట్టడంలో ఉంది.

1854లో అమెరికాతో ఒప్పందం కుదిరి జపాను రేవులు తెరుచుకున్నాక ఈ కోత పడమటికి పోయింది. 1903లో పారిస్‌లో సొంత దుకాణం పెట్టిన పాల్ ప్వారే కిమోనోను పోలిన కోట్లు కుట్టాడు. ఒంటితో కలిపి కోసిన చేతికి దర్జీల పుస్తకాల్లో కిమోనో చెయ్యి అన్న పేరు నిలిచింది. మన కుట్టు తరగతుల్లో నేర్పే ఝబలా కోత ఆ కుటుంబానిదే.

ఇక మన కోలారు బంగారు గనుల గడ్డ సంగతి. 1875లో లావెల్ అనే దొర ఇక్కడ బంగారం తవ్వే హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే గనుల కంపెనీ వచ్చింది. అటు ఇంగ్లండులోని కార్నవాల్‌లో 1866లో రాగి ధర కూలి, గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పని పోయినవాళ్లు లోకమంతా చెదిరారు, కొందరు కోలారు చేరారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపుల నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు వచ్చాయి. ఆ కార్నవాల్ రేవు ఊళ్లలో, ముఖ్యంగా పోల్పెరోలో, ఆడవాళ్లు జాలరుల కోసం బిగువైన ఉన్ని అంగీలు అల్లేవారు. కూలికి అల్లి సంసారం ఈదినవాళ్లూ ఉన్నారు. ఆ అంగీ కూడా తిన్నని చదరాలతో కట్టిందే. చేతిని భుజం దగ్గర మొదలుపెట్టి మణికట్టు వైపుకు అల్లేవారు, ఎందుకంటే ముందు అరిగేది మణికట్టే. అక్కడిదాకా విప్పి కొత్త దారంతో అల్లితే అంగీ మళ్లీ పనికొచ్చేది.

జపాను కుట్టుకూ కార్నవాల్ అల్లికకూ చుట్టరికం లేదు, కానీ లెక్క ఒకటే. ఆ లెక్క మన కురుబలకూ కొత్త కాదు. వాళ్లు నేసే కంబళి మీద కత్తెర పడదు. నెత్తిన మడిస్తే వానకు కొప్పెర, పరిస్తే పక్క.

టీచరమ్మ చొక్కా కూడా ఆ లెక్కకు తగినదే. అన్ని వరుసలూ నిట్ కుట్టే వేస్తే అల్లిక రెండు వైపులా గట్లు గట్లుగా వస్తుంది, అంచు చుట్టుకోదు. రెండు వరుసలకు ఒక గట్టు. గట్టు ఎత్తు దాదాపు ఒక కుట్టు వెడల్పు, కాబట్టి టేపు లేకుండానే చదరం తీయవచ్చు. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడే ఉల్లన్ అనుకోండి. వెనక అంచుకు 50 కుట్లు ఎక్కిస్తే 25 సెంటీమీటర్లు, పుట్టిన బిడ్డ వీపుకు చాలు. చంకదాకా తిన్నగా పోయి, చేతులకు అటు 28, ఇటు 28 కలపాలి. సూదిమీద 106 అవుతాయి. భుజందాకా వెళ్లి, నడుమ మెడకు కొన్ని కుట్లు మూసి, రెండు సగాలూ విడివిడిగా ముందువైపు కిందికి దిగాలి. దిగేటప్పుడు మెడవైపు రెండు వరుసలకొక కుట్టు పెంచితే రెక్క ఏటవాలుగా వెడల్పై రెండోదానిమీదికి వస్తుంది. చేతి కుట్లు మూసి, మిగిలింది వెనక పొడవుకు సరిపెట్టి, మడిచి పక్కలు కుట్టాలి. భుజంమీద కుట్టు లేదు, గుండీ లేదు, తలమీదుగా దూర్చే పని లేదు. మెడ నిలవని బిడ్డకు ఇంతకు మించిన చొక్కా నాకు తెలియదు.

సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. చాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల లోతుకు దిగింది, అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆ వేడిలోంచి రాత్రి షిఫ్టు ముగించి పైకి వచ్చిన మనిషికి మార్గశిరపు చలి రెట్టింపుగా తగిలేది. అందుకే స్వెట్టరు ఇక్కడ సోకు కాదు, అవసరం. అది మోచేతుల దగ్గర పోతే ఇంట్లో ఆడవాళ్లు విప్పేవారు. దారాన్ని చిలపలు చుట్టి, నీళ్లలో ముంచి ఆరేస్తే ముడతలు సాగిపోయేవి. ఆ దారంతోనే పుట్టబోయే బిడ్డకు కిమోనో మొదలయ్యేది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మన పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోతున్నారు, కొందరు గార్మెంట్ ఫ్యాక్టరీలకే. అంగట్లో దొరికే స్వెట్టర్లలో చాలావాటిని మిషన్ అల్లికను కత్తిరించి కుడతారు. అలాంటిదాన్ని విప్పి చూడండి, ప్రతి వరుసా తెగి మూరెడు ముక్కలే వస్తాయి, మళ్లీ అల్లడానికి పనికిరావు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కనుక ఒక్క మనవి. టీచరమ్మ చేతి చొక్కా గానీ, ఆమె దగ్గర నేర్చినవారు అల్లింది గానీ మీ పెట్టెలో ఉంటే, ఈ చలికాలం లోపల బయటికి తీయండి. వెనక అంచున కుట్లెన్ని, చంకదాకా గట్లెన్ని, చేతికి కలిపినవెన్ని, మెడకు మూసినవెన్ని అన్నది లెక్కపెట్టి తెలుగులో రాసివ్వండి. అన్నీ ఒక పుస్తకంలో చేరుద్దాం. రాసుకున్నాక కావాలంటే విప్పేయండి, మనవలకు అల్లండి.