హిచ్‌కాక్ కథనం – శ్రోత విశ్వాసం



ఉత్కంఠభరిత చిత్రాలకు పేరెన్నికగన్న దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1899లో ఇంగ్లండులో జన్మించారు. మూకీ చిత్రాలకు అక్షర ఫలకాలు రూపొందిస్తూ సినిమారంగంలో ప్రవేశించారు. దృశ్యంతోనే కథ చెప్పే విద్య ఆయనకు అక్కడే అలవడింది.

రహస్యాన్ని దాచడమే ఉత్కంఠ అని మనం సాధారణంగా భావిస్తాము. హిచ్‌కాక్ అభిప్రాయం అందుకు భిన్నమైనది. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో జరిపిన సంభాషణలలో ఆయన ఒక ఉదాహరణ చెప్పారు. కొందరు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉండగా హఠాత్తుగా దాని కింద బాంబు పేలితే, ప్రేక్షకుడు క్షణకాలం అదిరిపడతాడు. అక్కడ బాంబు ఉన్నదని అతనికి ముందే తెలిస్తే, ఆ సాదా సంభాషణే నిమిషాల తరబడి అతనిని కుదురుగా కూర్చోనివ్వదు.

‘నొటోరియస్’ (1946)లో మేడమీద విందు జరుగుతుంటుంది. నాయికానాయకులు నేలమాళిగలో రహస్యాన్ని వెదుకుతుంటారు. పైన షాంపేన్ సీసాలు తరిగిపోతుంటాయి. అవి అయిపోతే ఇంటి యజమాని కిందికి వస్తాడని మనకు తెలుసు. కత్తి లేదు, తుపాకి లేదు, సీసాలే గడియారమైనాయి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. పద్మవ్యూహంలోకి వెళ్ళిన అభిమన్యుడు తిరిగిరాడని ఎరిగియుండియే మన పెద్దలు ఆ కథను ఊపిరి బిగబట్టి విన్నారు.

అయితే దీనికొక హద్దున్నది. ‘సబొటేజ్’ (1936)లో ఒక బాలుడు బాంబని తెలియక ఒక పొట్లాన్ని మోసుకుపోతాడు. దారిలో వేడుకలు చూస్తూ ఆలస్యం చేస్తాడు; బస్సులో కుక్కపిల్లను ముద్దు చేస్తాడు. బాలుడు బయటపడతాడనే ఆశతో ప్రేక్షకుడు తల్లడిల్లుతుండగా బాంబు పేలుతుంది. బాలుడు మరణిస్తాడు. ప్రేక్షకులు ఆగ్రహించారు. అది తన పొరపాటేనని హిచ్‌కాక్ తరువాత అంగీకరించారు.

అభిమన్యుని మరణాన్ని సహించిన మనసు ఈ బాలుని మరణాన్ని ఎందుకు సహించదు? అక్కడ కథకుడు మనలను దుఃఖానికి ముందే సిద్ధపరచినాడు. ఇక్కడ ఆశ చూపి, ఆ ఆశతో ఆటలాడినాడు. భయపెట్టడం తప్పు కాదు, నమ్మినవానిని వంచించడమే తప్పు.

తరగతి గదిలోనైనా, ఇంటి అరుగుమీదనైనా పిల్లలకు కథ చెప్పే ప్రతివారికీ ఇది వర్తిస్తుంది. మన మాట వింటూ కళ్ళు పెద్దవి చేసిన బిడ్డ తన హృదయాన్ని మన చేతిలో పెట్టినట్లే. దానిని భద్రంగా తిరిగి అప్పగించడం కథకుని ధర్మం. తన తప్పును ఒప్పుకున్న ఆ మహాదర్శకుని వద్ద మనం నేర్వదగిన మొదటి పాఠం ఇదే.