పల్లె బడిలో ఇంగ్లీషు తొలి పాఠం



ఇంటిల్లిపాదిలో మొట్టమొదట ఇంగ్లీషు నేర్చుకునేది తానే అయిన పిల్లలు మన పల్లె బడుల్లో ఎందరో ఉన్నారు. అటువంటి వారికి ఆ భాష చెప్పడం వల్ల ఉపాధ్యాయుడికి దక్కేదేమిటి? ఈనాటి మన ప్రసంగాంశం అదే.

నేను యానాం వాడిని. పుదుచ్చేరి పట్టణానికి మా ఊరు 800 కిలోమీటర్లకు పైగా దూరం. రెండూ ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నవి కాబట్టి ఈనాటికీ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నాయి. ఆ విధంగా తెలుగువాడినైన నేను, ఈ పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో తమిళ పిల్లలకు ఇంగ్లీషు చెప్పవలసి వచ్చింది.

మొదటి వారం ఏది అడిగినా తరగతి అంతా మౌనమే. పిల్లలకు ఏమీ రాదనుకున్నాను. ఒక రోజు వాన పడుతుంటే, నాకు వచ్చిన కాస్త తమిళంలో 'మళై' అన్నాను. అందరూ గొల్లుమన్నారు. తమిళంలో వానను చెప్పే ఆ మాటలోని ధ్వనికి నేటి మన వర్ణమాలలో అక్షరమే లేదు. ఒక అమ్మాయి లేచి, నాలుక ఎలా మడవాలో చూపించింది. పదిసార్లు పలికితే గాని నాకు పట్టుబడలేదు. ఆ మర్నాడు ఆ అమ్మాయే ఇంగ్లీషులో తొలి వాక్యం పలికింది. మాస్టారే తప్పు పలికినప్పుడు, తాము తప్పు పలికితే మాత్రం ఏమవుతుందన్న ధైర్యం వచ్చింది వాళ్లకు. వాళ్ల మౌనం తెలియనితనం కాదు, భయం.

తప్పులకు కూడా కారణం ఉంటుంది, గమనించండి. తమిళ లిపిలో 'ప'కూ 'బ'కూ ఒకటే అక్షరం. అందుకే ఆ పిల్లలు ఇంగ్లీషులో ఆ రెంటి దగ్గర తడబడతారు. మన తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మనం 'బస్సు', 'బుక్కు' అంటాం. 'నేను అన్నం తిన్నాను' అనే వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యకు పోతుంది. 'వచ్చాడు' అన్నదాన్ని ప్రశ్నగా మార్చడానికి మనకు చివర ఒక దీర్ఘం చాలు, ఇంగ్లీషులో వాక్యం అమరికే మారాలి. పిల్లవాడి తప్పు వెనుక అతని తల్లిభాష ఉంది. అది తెలిస్తే కోపం పోతుంది, పాఠం మొదలవుతుంది. ఇంగ్లీషు చెబుతూ నేను నా తెలుగును కొత్తగా చూశాను. నాకు దక్కిన మొదటి ఫలం ఇది.

ఈ దారి మనకు కొత్త కాదు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాము సవర భాష నేర్చుకోవాలని గ్రహించి నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. బోధించబోయేవాడు ముందు విద్యార్థి కావాలని ఆయన జీవితం చెబుతుంది.

ఇక రెండో ఫలం. మా బడిలో ఒక అబ్బాయి తండ్రి కౌలు రైతు. ఇంట్లో మూలన ఉన్న పురుగుమందు డబ్బా మీద 'పాయిజన్' అన్న మాటను ఆ అబ్బాయి కూడబలుక్కుని చదివాడు. చిన్న చెల్లెలికి అందకుండా దాన్ని అటక మీదికి ఎక్కించాడు. మర్నాడు వచ్చి ఆ సంగతి చెప్పాడు. నేను చెప్పిన పాఠాలకు అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది?

పుదుచ్చేరి వీధుల్లో నడిస్తే తమిళ పేరు పక్కన ఫ్రెంచి పేరు కూడా కనిపిస్తుంది. ఒకటి ఉండాలంటే రెండోది పోనక్కరలేదు. ఇంగ్లీషు కూడా అంతే. తల్లిభాషను తోసి కాదు, దాని చేయి పట్టుకుని రావాలి.

కాలేజీలో చదువుతున్న మీలో ప్రతి ఒక్కరూ ఈ సెలవుల్లో మీ వీధిలోని ఒక్క పిల్లవాడికి రోజుకో వాక్యం నేర్పండి. ముందు మాట, తరువాత రాత. తప్పు పలికితే నవ్వకండి. వీలైతే అతని దగ్గర మీరూ ఒక మాట నేర్చుకోండి.