నీటిపక్షుల పండుగ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను ప్రబంధములను గూర్చి మాటలాడుమనిరి. నేను బడిలో చదివినది స్వల్పము. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయపు బీరువాలోని కావ్యములను నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివినవాడను. కనుక ప్రబంధముతో మొదలిడి లెక్కలలోనికి దిగుదును. మీరు ఓర్చుకొనవలెను.

ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరును వర్ణించుచు ఒక ముచ్చట చెప్పినాడు. వేకువజామున వరిమళ్ల కాలువలలో బాతులు తలలు రెక్కలలో దూర్చుకొని నిద్రించుచుండును. తలారులు వానిని చూచి, స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు మరచిన తడిబట్టల ముద్దలని భ్రమపడి, వారి యిండ్లకు చేర్చుదమని రేవులలోనికి దిగుదురు. బాతులు చివాలున లేచి పారిపోవును. పైరు కాచు పడుచులు పకపక నవ్వుదురు. ఏనుగుల సేనలను నడపిన రాజు కాలువగట్టున నిలిచి ఇంత ఓపికగా చూచెనా యని నాకు ఎప్పుడును ఆశ్చర్యమే. కాలువలో నీరున్నది గనుక బాతులు వచ్చినవి. ఆ మాట ఆయన చెప్పలేదు. చెప్పనక్కరలేని కాలమది.

ఈ పక్షులకు పండుగ చేయువారు లోకమున కలరు. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున, చెసపీకు అఖాతపు సీమలో, ఈస్టన్ అను చిన్న పట్టణమున 1971 నుండి నవంబరు నెలలో నీటిపక్షుల ఉత్సవము జరుపుచున్నారు. అది వేటగాండ్ర సీమ. చలికాలమున ఉత్తరమునుండి బాతులు గుంపులు గుంపులుగా దిగును. తుపాకి పట్టుట అచట తాతల నాటి అలవాటు. మన వేటకాండ్రు దీమమందురే, అట్టి కొయ్యబాతులను నీటిపై తేల్చి నిజమైన బాతులను దించుట వారి పద్ధతి. ఆ కొయ్యబాతులే నేడు శిల్పములై ఉత్సవమున ప్రదర్శనకు వచ్చుచున్నవి. బాతువలె కూయు పందెములు, నీటిలోనికి దుమికి వస్తువును తెచ్చు కుక్కల నేర్పు, పిల్లలకు వినోదములు కలవు. వచ్చిన సొమ్ము పక్షులుండు చోట్ల రక్షణకు వినియోగింతురు.

పక్షిని చంపువాడు పక్షికి పండుగ చేయుటేమని మీరడుగవచ్చును. నాకును అదే సందేహము కలిగినది. సమాధానము ఒక చిన్న బిళ్లలో దొరకినది. 1934లో ఆ దేశమువారు ఒక చట్టము చేసిరి. పదునారేండ్లు నిండి బాతుల వేటకు పోవు ప్రతివాడును ఏటేట ఒక బిళ్ల కొనవలెను. మొదట దాని వెల 1 డాలరు. 2015 నుండి 25 డాలర్లు. తొలి బిళ్లపై బొమ్మ వేసినవాడు పత్రికలకు వ్యంగ్యచిత్రములు గీయు డార్లింగు. వచ్చిన ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడినేలలను కొనుటకో, కౌలునకు పట్టుటకో పోవును. ఇంతవరకు 60 లక్షల ఎకరములకు పైగా ఇట్లు నిలిచినవి. వేటను నేను మెచ్చుకొనను. కాని లెక్కలు వ్రాయువాడను గనుక ఈ పద్దును మెచ్చుకొనక తప్పదు. ఖర్చు వ్రాసిన చేతనే జమయు వ్రాయించినారు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత ఈ పక్షుల వేట నేరము. అది తగినదే. బిళ్ల మార్గము మనకు లేదు. అయినను వేరొక మార్గము చాల పూర్వమే మన ప్రక్కన పుట్టినది. చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అను పల్లె కలదు. అరవమున వేడన్ అనగా వేటగాడు. ఆ పేరే వేటగాని పల్లె యని. 18వ శతాబ్ది చివర తెల్లదొరల సైనికులు అచ్చటి చెరువులో కొంగలను కాల్చిరి. రైతులు కలెక్టరు కచేరికి పోయి, ఇకమీద ఎవరును కాల్చరాదని కౌలు వ్రాయించుకొనిరి. చాలమంది నోటిమాటతో తృప్తిపడుదురు. వారు కాగితము తెచ్చుకొనిరి! దయ యొక్కటే కారణము కాదు. రెట్టలు కలిసిన చెరువునీరు పైరునకు ఎరువు. పక్షి పోయిన ఎరువు పోవునని వారెరుగుదురు.

నేలపట్టు రైతుల లెక్కయు ఇదే. దొరవారిసత్రము మండలములోని ఆ చెరువు 1976 నుండి పక్షుల రక్షణకేంద్రము. నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. చుట్టును నీరుండుటచేత నేలమీది జంతువులు చేరలేవు. దాపుననే పులికాట్ సరస్సున, మనవారు రాజహంసలని పిలుచు పొడుగుకాళ్ల గులాబిరంగు పక్షులు చలికాలమున మేత కొరకు వాలును. వానిని పురస్కరించుకొని 2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైనది. 2020 తరువాత కొన్నేండ్లు ఆగి, 2025 జనవరిలో మరల జరిగినది. పిల్లలను బండ్లలో తీసికొనిపోయి పక్షులను చూపుదురు. పాటకచేరీలు సూళ్లూరుపేటలో, గూళ్లు నేలపట్టులో. ఈ ఎడము నాకు బాగుగా నచ్చినది.

ఇక మన చెరువు. పడమటి అలుగు దగ్గర ఏమగుచున్నదో మీరెరుగుదురు. గట్టు కదలదు, పొలములు కదలుచున్నవి. ఇప్పుడు చెరువంతయు చేపలకు కౌలునకు ఇత్తమను మాట వచ్చినది. వచ్చు సొమ్మెంతయో ఒక కాగితమున వేసి చూపిరి. నేను దానిని మూడుమారులు చదివితిని. తూముక్రింది మళ్లకు పద్దు లేదు. పశువులు త్రాగు నీటికి పద్దు లేదు. పక్షుల మాట అడుగనే వలదు. జమ చూపి ఖర్చు చూపని కాగితమును నేను లెక్క యనను. కొల్లేటి నడుమ చేపల గట్లు వేసికొనుచు పోయిరి. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో యంత్రములు తెచ్చి గట్లు తెగగొట్టిరి. వేయుటకు ఒక ఖర్చు, తీయుటకు ఒక ఖర్చు. నడుమ కూలివాని బ్రతుకు చెడినది. గ్రామసభలో ఈ విషయము వచ్చినపుడు చందాదారులందరును వచ్చి కూర్చుండవలెను.

మరియొక మాట. చలికాలమున పరజలకు వల పన్ని, రాత్రికి రాత్రి బాట ప్రక్క హోటళ్లకు అమ్మువారు మన యూరను కలరు. పేర్లు చెప్పను. వారిలో కొందరు ఇచ్చటనే వెనుక వరుసలో నిలుచున్నారు. వారి పిల్లలు ఈ గ్రంథాలయమున బొమ్మల పుస్తకములు తిరుగవేయుచుందురు. వారిని తిట్టుట సులభము. కాని ఏ పక్షి ఏ మాసమున దిగునో, ఏ మూల మేయునో, ఏ కూతకు బెదరునో వారికి తెలిసినంత మన బీరువాలోని ఏ పుస్తకమునకును తెలియదు. ఈస్టన్ వారు దీమము చెక్కువానిని వేదిక నెక్కించిరి. మన వలవానిని మనమెందుకు ఎక్కింపరాదు?

కనుక పాలకవర్గమువారి యెదుట ఈ ప్రార్థన పెట్టుచున్నాను. సంక్రాంతి పోయిన తొలి ఆదివారమున చెరువుగట్టుపై నీటిపక్షుల పండుగ జరుపవలెను. వల పన్నువారే దారి చూపి పిల్లలకు పక్షుల పేర్లు చెప్పవలెను. వల వేసిన రాత్రి దొరకు కూలికి తక్కువ కాకుండ, రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్మునుండి వారికి ఇయ్యవలెను. రసీదు నేను వ్రాసెదను. అక్కరకు వచ్చునని ఒక పెద్ద పుస్తకమునకు గీతలు గీసి బల్లమీద ఉంచితిని: తేది, పక్షి, ఎన్ని, ఏ మూల. చూచినవారెవరైనను వ్రాయవచ్చును. వ్రాయరానివారు చెప్పినచో గ్రంథపాలకులు వ్రాయుదురు.

ఆ దినమున తెల్లవారకముందే గ్రంథాలయము వద్ద చేరుడు. మెరయు బట్టలు వలదు, ఈలలు వలదు, కుక్కలను తేవలదు. పసిపిల్లలకు కంబళ్లు తెచ్చుకొనుడు. గట్టుమీద గాలి చలిగా నుండును.