దరువు ముందు, అడుగు తర్వాత

బ్రెజిల్‌లో ఆఫ్రికా బానిసలు పెంచి పోషించిన కాపొయిరా పోరాటమూ ఆటా కలిసిన విద్య. కొత్తవారికి అందులో ముందుగా వచ్చేది తన్ను కాదు, దరువుకు తగ్గట్టు ఊగే ‘జింగా’ అడుగు.

మన ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నృత్యం పోరాటం కాదు, దండారీ పండుగ నాటి దీక్ష. అయినా నేర్చుకునేవారికి నేను చెప్పేది అదే: నెమలి పింఛాల టోపీ మీద మోజు తర్వాత, ముందు డప్పు, తుడుం, పెప్రె వాద్యాలను వినండి. ఒంటికి బూడిద, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఇంత బరువుతో లయ తప్పకుండా ఆడటం మాటలా!

మార్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారు ఈ ఆటను 1982లో ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకెళ్లారు, ఎందరికో నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో కన్నుమూశారు. చూడాలనుంటే దీపావళి ముందు రోజుల్లో జైనూరు, ఉట్నూరు వైపు వెళ్లండి.