దీమపు లేడి



వేటకాడు అడవిమృగమును వశపఱచుకొనుటకై పెంచి మచ్చిక చేసిన మృగమునకును, పక్షికిని తెలుగున దీమమని పేరు. వల, ఉరి, విల్లు చేతి పనిముట్లు. దీమమో ప్రాణమున్న పనిముట్టు. ఎర చూపి చేపను పట్టుట ఆకలిని నమ్ముకొన్న ఉపాయము. పచ్చిక అంతటను దొరకు జింకయెడ ఆకలి అంతగా పనికిరాదు. కావున వేటకాడు దాని పౌరుషమును నమ్ముకొనెను.

పురాణశ్రవణమునకు వచ్చువారికి దీమమనగానే మారీచుడు తోచును. అచ్చట దీమము వేటకానిపైననే ప్రయోగింపబడినది. బంగారులేడిని చూచినంతనే లక్ష్మణుడు శంకించెను; వేటకు వచ్చిన రాజులను వీడిట్టి మాయారూపములతో చంపెననియు చెప్పెను. రూపము చాలదన్నట్లు, చనిపోవుచు మారీచుడు రాముని గొంతుతో కేకవేసెను. కంటి దీమమునకు చిక్కిన సీత చెవి దీమమునకును చిక్కెను. లక్ష్మణుడు రెంటిని నమ్మలేదు.

ఇక నిజమైన వేట. కృష్ణజింకలలో మగదానిని ఇఱ్ఱి యందురు. ఎదిగిన ఇఱ్ఱికి వీపు నల్లన, కడుపు తెల్లన. కొమ్ములు మెలికలు తిరిగియుండును. జతకట్టు కాలమున అది కొంత నేల తనదిగా ఏర్పఱచుకొని, అందు మఱియొక ఇఱ్ఱి అడుగిడినచో సహింపక తల వంచి కొమ్ము కలుపును. పొలిమేర తగవులు మనుష్యులకే గలవనుకొనుట పొరపాటు.

ఈ స్వభావమును మొగలాయి దర్బారువారు వాడుకొన్న తీరును అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో వివరించెను. మచ్చికైన ఇఱ్ఱి కొమ్ములకు వల కట్టి అడవిజింకల మీదికి విడుతురు. అడవి ఇఱ్ఱి దానిని పగవానిగా నెంచి పైబడును. పోరులో దాని కొమ్మో, చెవియో, కాలో వలలో చిక్కును. పొంచియున్నవారు పరుగున వచ్చి ప్రాణముతోనే పట్టుకొందురు. వల తెగినను, దీమము అలసినను, అది తిరిగి తన కాపరియొద్దకే వచ్చును. విద్య అంతయు ఈ కడపటి మాటలోనే యున్నది. అట్టి మచ్చిక కుదురకున్నచో దీమము మందలో కలిసిపోవును. వలయు, పెంచిన శ్రమయు దానితోనే పోవును. ఇక పొంచువారు గాలి మందవైపునుండి తమవైపు వీచునట్లు చూచుకొనవలెను. మనిషివాసన సోకిన మంద నిలువదు. ఆ గ్రంథమున జింకల దాణాలెక్కలు కూడ గలవు. కరణీకపు చూపుతో చదువువారికి వేటకంటె అవియే రుచించును.

జహంగీరు చక్రవర్తికి మన్సరాజ్ అను ఇఱ్ఱి యుండెను. పెంపుడు ఇఱ్ఱులతో పోరుటయందును, అడవివానిని వేటాడుటయందును దానికి సాటి లేదని ఆయనయే తన స్మృతులలో వ్రాసెను. అది చనిపోగా గోరీపై జింక యాకారమున ఱాతిని నిలిపించి, ఆ మైదానమున జింకలను ఎవ్వరును వేటాడరాదనియు, వాని మాంసము హిందువులకు గోమాంసము, ముసల్మానులకు పందిమాంసము వంటిదనియు శాసించెను. ఇది 1607 నాటి మాట. తోడిజింకలను వలకు తెచ్చిన దీమము చచ్చి వానికి అభయమైనది! అచ్చటి హిరన్ మినారు నేడు పాకిస్తానులోని షేఖుపురాలో నిలిచియున్నది.

మనదేశమున కృష్ణజింకల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము; ఆంధ్రప్రదేశ్ దానిని రాష్ట్రమృగముగ కైకొన్నది. రోళ్ళపాడు పరిసరములలో మందలు చేలబడి మేయుటచే రైతులకు నష్టము కలుగుచున్నది. అభయమునకు వెల చెల్లించువారు వారే. చేనిలో నిలుపు దిష్టిబొమ్మయు ఒక దీమమే, పిలుచుటకు గాక తఱుముటకు. అయితే కదలని మనిషిని జింక కొన్నినాళ్ళలోనే గుర్తుపట్టును.