పచ్చి కుండ, పగిలిన కూజా

ఆషాఢమాసంలో జంటనగరాలంతటా బోనాల సందడే. సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాల మర్నాడు, సోమవారం, అక్కడి ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి వినిపిస్తుంది. వానలు, పంటలు, రోగాల సంగతి చెబుతుంది. పూజలో లోటు జరిగితే అమ్మ కోపమూ ఆమె నోటే వస్తుంది. కాల్చని మట్టి మనిషి బరువు మోయడమే సగం మాట చెప్పేస్తుంది.

ఇలా చేతలతో హెచ్చరించడం యూదు ప్రవక్తలకూ అలవాటే. దాదాపు 2,600 ఏళ్ల కిందట యెరూషలేములో యిర్మీయా అనే ప్రవక్త కుమ్మరి చేసిన కూజా కొన్నాడు. పెద్దలను హిన్నోము లోయకు తీసుకెళ్లి, వాళ్ల కళ్లముందే దాన్ని పగలగొట్టాడు. మళ్లీ అతకని ఈ కూజాలాగే నగరమూ పోతుందన్నాడు. యాజకుడు పషూరు ఆయన్ను కొట్టించి, కాళ్లు బిగించే బొండలో వేయించాడు.

అయినా యిర్మీయా ఊరుకోలేదు. మెడకు కాడి తగిలించుకుని, బబులోను రాజుకు లోబడమని చెబుతూ తిరిగాడు. హనన్యా అనే మరో ప్రవక్త ఆ కాడిని విరిచి, రెండేళ్లలో కష్టాలు తీరతాయన్నాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా! అటు బబులోనులో చెరలో ఉన్న ప్రవక్త యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేమును గీసి, దాని చుట్టూ ముట్టడి కట్టి, 390 రోజులు ఎడమ పక్కకే పడుకున్నాడు.

రంగంలో జనమే అడుగుతారు. అమ్మ కోపగించినా చివరికి కాపాడతానంటుంది. యిర్మీయాను వినడానికి మాత్రం రాజులు ఇష్టపడలేదు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సేన నగరాన్ని, ఆలయాన్ని తగలబెట్టి, ప్రజలను చెరపట్టుకుపోయింది.